పాత స్పోర్ట్స్ బండి కొనే తమ్ముళ్లకు నాలుగు మాటలు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. సభ మొదలు కావడానికి ఇంకా గంట టైముంటుంది. వార్డెన్ సార్ మైకు పనిచేస్తుందో లేదో చూసుకుంటుంటారు. వంటగది వైపు నుంచి తాలింపు వాసన వస్తుంటుంది. గేటు పక్కన చెట్టు కింద పూర్వ విద్యార్థుల బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్లు మామూలు బండ్లన్నిటినీ దాటుకుని వెళ్లి, వెనుక సీటు ఎత్తుగా, టైరు లావుగా ఉన్న ఒక్క బండి చుట్టూ మూగుతారు.

"అన్నా, ఎంత కొడ్తది?"

"అన్నా, ఎంతకు పడ్డది?"

"అన్నా, ఒక్క రౌండేసొస్తనే!"

ఇవీ వాళ్ల మాటలు. "అన్నా, బండి ఎవరి పేరు మీదుంది?" అని అడిగిన తమ్ముడు ఇంతవరకు మాకు తగల్లేదు. నిజం చెప్పాలంటే మేము కూడా ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడం వల్ల ఏం జరిగిందో ఈ వ్యాసంలోనే చెబుతాం. మాకు తెలిసిన విషయాలు, మెకానిక్ షెడ్ల దగ్గర నిలబడి నేర్చుకున్నవి, దెబ్బతిని నేర్చుకున్నవి అన్నీ కలిపి తమ్ముళ్లకు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మిత్రులకు ఉపయోగపడతాయని రాస్తున్నాం.

మన స్పోర్ట్స్ కారు రెండు చక్రాలదే

పట్నంలో డబ్బున్నవాళ్లు పాత స్పోర్ట్స్ కార్లు కొంటారు. కాస్మెటిక్ ఛార్జీలతో సబ్బు, కొబ్బరినూనె కొనుక్కుని పెరిగిన మనకు, మొదటి జీతంలో చేతికందే స్పోర్ట్స్ కారు పాత స్పోర్ట్స్ బైకే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తుంగతుర్తి నుంచి సూర్యాపేటకు బస్సు కోసం గంటలు నిలబడ్డవాడికి సొంత బండి మీద ఆశ ఉండటం సహజమే. వద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చూసి కొనమని చెప్పడానికి రాస్తున్నాం.

మన ప్రాంతంలో వేగం అంటే మొదట గుర్తొచ్చే పేరు ఆర్ఎక్స్ 100. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985లో తెచ్చిన బండి ఇది. ఇంజను 98 సీసీ, శక్తి 11 హార్స్ పవర్. బరువు క్వింటాలుకు అటూ ఇటూ. టూ స్ట్రోక్ ఇంజను కావడంతో క్రాంకు తిరిగిన ప్రతిసారీ మంట పుడుతుంది. అందుకే ఆ పికప్. 1996లో దాని తయారీ ఆగిపోయింది. తర్వాత 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్ 150, 180, 2003లో 223 సీసీ కరిజ్మా, 2008లో యమహా ఆర్15 వచ్చాయి. ఆర్15తో నీళ్లతో చల్లబడే ఇంజను, ఇంజెక్టర్‌తో పెట్రోలు పోసే పద్ధతి మన కుర్రవాళ్ల చేతికి అందాయి.

ఈ సంవత్సరాలు ఎందుకు చెబుతున్నామంటే, పాత బండి కొనేటప్పుడు ముందు లెక్క వేయాల్సింది దాని వయసు. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 1996లో రిజిస్టరైన ఆర్ఎక్స్‌కు 2011లో, 2016లో, 2021లో, 2026లో రెన్యువల్ పడుతుంది. "ఒరిజినల్ ఆర్ఎక్స్, ముట్టుకోలేదు" అని ఎవరైనా అరలక్ష పైన అడిగితే, ముందు ఈ రెన్యువల్ కాగితం అడగండి. కాగితం లేకపోతే అది రోడ్డు మీద తిరగడానికి హక్కు లేని బండి. దాన్ని ఇంట్లో పెట్టుకుని తుడుచుకోవాల్సిందే.

స్పోర్ట్స్ బండి ఎందుకు త్వరగా అలిసిపోతుంది

పాలు పోసేవాళ్లు, టీచర్లు నడిపిన వంద సీసీ బండి పదేళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే వయసున్న స్పోర్ట్స్ బండి అలా ఉండదు. తప్పు కంపెనీది కాదు. ఇలాంటి బండిని కొనేవాడే గట్టిగా నడపాలని కొంటాడు. ఇంజను చల్లగా ఉండగానే ఫుల్ రేసు ఇవ్వడం, క్లచ్ ఒక్కసారిగా వదిలి ముందు చక్రం లేపడం, ఆయిల్ మార్చే రోజు వాయిదా వేయడం, శబ్దం కోసం సైలెన్సర్ మార్చడం, ఇవన్నీ ఆ బండి ఒంట్లో పేరుకుని ఉంటాయి. పైగా చుట్టూ ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు ఉన్న బండికి కొత్త తొడుగు వేస్తే, లోపలి వంకర ఫ్రేము బయటికి కనిపించదు.

అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆటో కన్సల్టెన్సీ షాపుల్లో ఒక్కోసారి కొత్తలో రెట్టింపు ధర పలికిన స్పోర్ట్స్ బండి, మామూలు బండి ధరకే కనిపిస్తుంది. చవక అనుకుంటాం. ఆ తగ్గిన ధర మనకు ఇచ్చిన బహుమతి కాదు. రేపు మనం షెడ్డులో కట్టబోయే డబ్బులు అవి.

కాబట్టి మొదటి సూత్రం. దగ్గర 60 వేలుంటే 60 వేల బండి చూడొద్దు. 45 వేల బండి చూడండి. మిగతా 15 వేలు టైర్లకు, చైన్ సెట్టుకు, బ్రేకులకు, ఇన్సూరెన్స్‌కు, పేరు మార్పిడికి, హెల్మెట్‌కు పక్కన పెట్టండి. చిట్టీ ఎత్తి మొత్తం బండిలో పోసి, టైరుకు డబ్బుల్లేక నున్నటి టైరుతో తిరిగేవాళ్లను మేము చాలామందిని చూశాం.

చూడటానికి వెళ్లేటప్పుడు

పగటిపూట వెళ్లండి. పొద్దున్నే అయితే మరీ మంచిది. వెళ్లేముందు అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, "బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి, మేము వచ్చి చేస్తాం" అని చెప్పండి. వెళ్లగానే ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను అబద్ధం చెప్పదు. స్టార్ట్ కావడానికి మొండికేస్తుందా, టకటక శబ్దం వస్తుందా, పొగ ఎలా ఉంది అన్నీ ఆ మొదటి రెండు నిమిషాల్లో తెలుస్తాయి.

పొగ గురించి ఒక మాట. చలికాలం పొద్దున సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలిరంగు పొగ వస్తుంటే ఇంజను ఆయిల్ కాలుతున్నట్టు. రింగులో, బోరో, వాల్వు సీళ్లో అరిగాయి. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఆర్ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ బండిలో టూటీ ఆయిల్ ఎలాగూ కాలుతుంది కాబట్టి కొంచెం పొగ మామూలే. వెనుక వచ్చేవాడు కనిపించనంత పొగైతే మామూలు కాదు.

కడిగి మెరిపించిన బండిని చూసి మురిసిపోవద్దు. ఆయిల్ కారే చోట్లు కూడా కడిగేసి ఉంటారు. బండి నిలబెట్టిన నేల చూడండి. పది నిమిషాలు నడిపిన తర్వాత ఇంజను కింద, ముందు షాకుల గొట్టాల మీద వేలు పెట్టి రాయండి. గొట్టం మీద జిడ్డు అంటితే ఆయిల్ సీళ్లు పోయినట్టే.

పడ్డ బండిని గుర్తుపట్టడం

పడని స్పోర్ట్స్ బండి దొరకడం అరుదు. నిలబడ్డచోట పక్కకు ఒరిగి పడటం వేరు, ఎదురుగా గుద్దడం వేరు. ఒరిగి పడితే బ్రేక్ లీవర్ చివర, ఫుట్ రెస్ట్ చివర, హ్యాండిల్ చివర గీతలు పడతాయి. అవి పెద్ద విషయం కాదు. గుద్దిన బండిని ఇలా గుర్తుపట్టవచ్చు:

హ్యాండిల్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే, ఒకచోట ఫ్రేముకు తగిలి ఆగుతుంది. ఆ ఆగేచోట చిన్న ఇనుప ముక్క ఉంటుంది. అది వంగినా, పగిలినా, దాని మీద కొత్త వెల్డింగు కనిపించినా ముందు భాగానికి గట్టి దెబ్బ తగిలిందని అర్థం.

బండిని సెంటర్ స్టాండు వేసి, లేదా ఇద్దరు మనుషులు పట్టుకుని ముందు చక్రం గాలిలో ఉంచి, హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్టు పోయింది.

పది అడుగులు వెనక్కి వెళ్లి, కూర్చుని చూడండి. వెనుక టైరు, ముందు టైరు ఒకే గీతలో ఉండాలి. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు. అలా చూడటానికి చేతులు వదిలే విన్యాసం మాత్రం చేయొద్దు.

ఫ్రేము మీద ఒక్కచోటే కొత్త రంగు ఉంటే అక్కడ ఎందుకు వేశారో అడగండి. మిగతా బండి పదేళ్లదిగా ఉండి, ఒక జానెడు మేర నిన్నటిదిలా మెరిస్తే అక్కడేదో కథ ఉంది.

మీటరు చూసి మోసపోవద్దు. 18 వేల కిలోమీటర్లే తిరిగిందన్న బండికి గేర్ లీవర్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ మీటరును నమ్మలేం. టైరు పక్క భాగంలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతున్నా, ఆరేడేళ్లు దాటి పక్కలు పగుళ్లిచ్చిన టైరును నమ్మొద్దు. చైన్ చక్రం పళ్లు కొడవలిలా వంగి ఉంటే చైన్ సెట్టు మొత్తం మార్చాల్సిందే.

వేగం కాదు, ఆగడం చూడండి

ట్రయల్ వేసేటప్పుడు మనవాళ్లందరూ ఎంత స్పీడు అందుకుంటుందో చూస్తారు. చూడాల్సింది ఎంత దూరంలో ఆగుతుందో. ఇందులో తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం లెక్క ఉంది. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడు సెకనుకు 11 మీటర్లు పోతాడు. మనిషి చూసి బ్రేకు పట్టడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ 11 మీటర్లు అయిపోయాక, మంచి తారురోడ్డు మీద ఇంకో 10 మీటర్లకు ఆగుతాడు. మొత్తం 21 మీటర్లు. 80 వేగంలో చూసి బ్రేకు పట్టేలోపే 22 మీటర్లు, ఆ తర్వాత 41 మీటర్లు. మొత్తం 63 మీటర్లు. ఇది మంచి టైరు, మంచి బ్రేకు, పొడిరోడ్డు లెక్క.

మన రోడ్లు తమ్ముళ్లకు తెలియనివి కావు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలది. అక్కడ బండి పరిగెత్తుతుంది. అదే అలవాటుతో లోపలి రోడ్డుకు తిరిగితే గొర్రెల మందలు, మలుపులో ఎడ్లబండి, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు ఎదురవుతాయి. వడ్ల గింజల మీద బ్రేకు వేస్తే గోళీల మీద కాలు వేసినట్టే.

అందుకని ఖాళీచోట 30, 40 వేగంలో రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి. ముందు బ్రేకు లీవర్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోకూడదు. డిస్కు అంచున గోటికి తగిలేంత గట్టు ఏర్పడితే డిస్కు అరిగినట్టు. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అన్న నిబంధన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అన్ని కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. అది ఉంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోదు. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదిలిన తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అని అనుమానించాలి. ఇద్దరు బండ్ల మధ్య ఎటు తీసుకోవాలో తేలక ఊగుతుంటే, రెండు మూడు వేలు ఎక్కువైనా ఏబీఎస్ ఉన్నదే తీసుకోండని మా సలహా.

చివరగా, పై గేరులో రేసు ఇచ్చినప్పుడు ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయన సగం రోజు కూలి మీరు ఇవ్వండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ మాట మీద కొనొద్దు.

కాగితాలు

బండి బాగుంది, బేరం కుదిరింది, బయానా ఇవ్వబోతున్నారు. అక్కడ ఆగండి. అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది.

ఒకటి. ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అక్షరం సరిచూసుకోండి. చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే పైసా ఇవ్వకుండా వచ్చేయండి.

రెండు. ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు తీరినట్టు వాళ్ల నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 కావాలి. "అప్పు ఎప్పుడో కట్టేసిన" అన్న నోటిమాట చాలదు.

మూడు. బండి నంబరుతో ట్రాఫిక్ చలాన్లు ఆన్‌లైన్‌లో చూడండి. స్పోర్ట్స్ బండి అయితే తప్పకుండా చూడండి. బండి ఎలా నడిచిందో దాని చలాన్లే చెబుతాయి.

నాలుగు. నంబరు ప్లేటు చదవడం నేర్చుకోండి. ఏపీ 24 అని ఉంటే అది పాత నల్గొండ జిల్లా బండి, కంగారు పడొద్దు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక నల్గొండకు టీఎస్ 05, 2016లో సూర్యాపేట జిల్లా అయ్యాక మనకు టీఎస్ 29 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు కాబట్టి జగ్గయ్యపేట, విజయవాడ వైపు బండ్లు మన దగ్గరికి చవగ్గా వస్తుంటాయి. వాటికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 అనే ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చు కలిపితే చవక మిగులుతుందో లేదో లెక్క చూసుకోండి.

ఐదు. పేరు మార్పిడి. అమ్మినవాడు ఫారం 29, కొన్నవాడు ఫారం 30 ఇవ్వాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్చమని దరఖాస్తు ఇవ్వాలి.

ఆరు. ఇన్సూరెన్స్ తేదీ. కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి గేటు దాటించొద్దు. పోలీసులు వేసే జరిమానా మొదటిసారి 2 వేలు. అది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటో ఇప్పుడు చెబుతాం.

మనవాడే కదా అనుకున్నాం

కొన్నేళ్ల క్రితం మన హాస్టల్‌లోనే చదివిన ఒక అన్న, మన హాస్టల్‌లోనే చదివిన ఒక తమ్ముడికి 150 సీసీ స్పోర్ట్స్ బండి అమ్మాడు. ఇద్దరూ ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగినవాళ్లు. అన్నకు పెళ్లి కుదిరి డబ్బులు అవసరం పడ్డాయి. తమ్ముడికి అప్పుడే ఉద్యోగం వచ్చింది. వాళ్ల అమ్మ కూలికి పోయి కట్టుకున్న చిట్టీ పాడి డబ్బులిచ్చింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. సాక్షి సంతకాలు మేమే పెట్టాం. పేరు మార్పిడి సంగతి వస్తే, "మనోడే గదనే, తీరుబడిగా చేస్కుందం" అన్నారు. మేమూ తలూపాం. ఇన్సూరెన్స్ అప్పటికే అయిపోయిందని మాలో ఒక్కరం కూడా చూడలేదు.

యాసంగి కోతల కాలం. రాత్రి ఎనిమిది దాటింది. తమ్ముడు సూర్యాపేట నుంచి తుంగతుర్తి వస్తున్నాడు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర కాపలా ఉన్న ఒక పెద్దాయన పట్టా కప్పడానికి లేచాడు. తమ్ముడు చూశాడు, బ్రేకు వేశాడు. వెనుక టైరు నున్నగా ఉంది. బండి గింజల మీద జారి పెద్దాయనను కొట్టింది. పెద్దాయన తొడ ఎముక విరిగింది. తమ్ముడి భుజం ఎముక విరిగింది. ప్రాణాలు దక్కాయి. ఆ ఏడు పెద్దాయన పొలం కౌలుకు ఇచ్చారు. ఈరోజుకీ ఆయన చేతికర్రతోనే నడుస్తున్నాడు.

ఆయన కుటుంబం నష్టపరిహారం కోసం కేసు వేసింది. వేయడంలో వాళ్ల తప్పు ఏమీ లేదు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీ కట్టేది. లేదు కాబట్టి నోటీసు బండి నడిపిన తమ్ముడికి, దానితో పాటు పెళ్లయి నాలుగు నెలలైన అన్నకు కూడా వచ్చింది. "నేను అమ్మేసిన, ఇదిగో స్టాంపు కాగితం" అని అన్న చూపించాడు. కానీ చట్టం ప్రకారం ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. పేరు మారకుండా బండి ఎన్ని చేతులు మారినా బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమానిదేనని సుప్రీంకోర్టు కూడా 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మా సాక్షి సంతకాలు ఎందుకూ పనికిరాలేదు.

ఇద్దరూ కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. ఒకరు వార్షికోత్సవానికి వస్తే ఇంకొకరు రాలేదు. చివరికి పెద్దలు కూర్చోబెడితే చెరిసగం వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నారు. ఇప్పటికీ కడుతున్నారు. ఇద్దరి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాం. పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. "నా సంగతి రాయండన్నా, ఇంకొకడు పడకుంటే చాలు" అన్నది ఆ తమ్ముడే.

ఆ రోజు ఒక పూట కేటాయించి రవాణా కార్యాలయానికి వెళ్లి ఉంటే, ఇన్సూరెన్స్ కట్టి ఉంటే, పెద్దాయన కుటుంబానికి డబ్బు ఎప్పుడో అందేది. అన్న సంసారం ప్రశాంతంగా ఉండేది. తమ్ముడి అమ్మ ఇంకో చిట్టీ వేయాల్సి వచ్చేది కాదు. బండి మనవాడి దగ్గర కొంటే కాగితాలు ఇంకా జాగ్రత్తగా చేసుకోవాలి. బయటివాడితో గొడవైతే డబ్బు పోతుంది. మనవాడితో గొడవైతే మనిషే దూరమవుతాడు.

కారు కొనే అన్నలకు

హైదరాబాద్‌లో స్థిరపడిన కొందరు అన్నలు ఇప్పుడు నిజంగానే పాత స్పోర్ట్స్ కార్ల వైపు చూస్తున్నారు. పైన చెప్పిన కాగితాల నియమాలన్నీ కారుకూ వర్తిస్తాయి. అదనంగా రెండు మాటలు. మొదటిది, విడిభాగాలు. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6 గట్టి కారే. కానీ ఫియట్ పేరుతో కొత్త కార్లు మన దేశంలో ఇప్పుడు అమ్మడం లేదు. వోక్స్‌వ్యాగన్ పోలో తయారీ కూడా ఇక్కడ 2022లో ఆగింది. కొనేముందే మెకానిక్‌ను, విడిభాగాల షాపును వెతికి పెట్టుకోండి. రెండోది, నీళ్లు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. మట్టి మరక ఉంటే, కాలి కింద కార్పెట్ ఎత్తితే బురద వాసన వస్తే ఆ కారు వదిలేయండి.

చివరిగా మనవి

హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లారా! గేరు బండికి లైసెన్సు 18 ఏళ్లు నిండాకే ఇస్తారు. అంతవరకు చూడండి, నేర్చుకోండి, నడపొద్దు. అన్నలారా! ముద్దుగా అడిగాడని తాళం చెవి ఇవ్వకండి. మైనరు నడిపి ప్రమాదం జరిగితే బండి యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడేలా 2019లో చట్టం మారింది. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదే కొనండి. వెనుక కూర్చునేవారికీ ఒకటి కొనండి.

ఈసారి వార్షికోత్సవానికి చెట్టు కింద బండ్లు మళ్లీ వరుసగా నిలబడతాయి. తమ్ముళ్లు మళ్లీ మూగుతారు. ఎంత కొడ్తదో అడగండి, తప్పులేదు. దాని తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. ఎంత దూరంలో ఆగుతది? ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది? ఎవరి పేరు మీదుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని అన్న ఉంటే, ఆ అన్నను సోమవారం పొద్దున్నే సూర్యాపేట రవాణా కార్యాలయానికి పంపించే బాధ్యత మీదే.

అందరూ క్షేమంగా వచ్చి, క్షేమంగా ఇళ్లకు చేరాలని కోరుకుంటూ, వార్షికోత్సవ శుభాకాంక్షలతో

మీ పూర్వ విద్యార్థులం